గడ్డినీళ్ళ సీసా

తిరుపాలు ముక్కుతో శివకుమారికి పడదు. మనిషితో ఏ గొడవా లేదు. మనిషి మంచివాడే. పెట్టింది తింటాడు, ఉప్పు తక్కువైతే తానే లేచి తెచ్చుకుంటాడు, గురువారం సాయంత్రం కూరగాయల సంచులు రెండూ తానే మోస్తాడు. ఆ ముక్కు మాత్రం ఇంట్లో మూడో మనిషిలా తిరుగుతుంటుంది. దోహా దగ్గర మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో, అమ్మోనియా పైపుల దగ్గర ఆయన డ్యూటీ. ఎక్కడైనా బిగింపు వదులైతే గోడ మీది మీటరు కంటే ముందు తన ముక్కే చెబుతుందని పదేళ్ళుగా ఆయన నమ్మకం. తోటివాళ్ళంతా ఒప్పుకుంటారట. ఒప్పుకోనివాళ్ళ పేర్లు ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చినా ఆ ముక్కు డ్యూటీ దిగదు. గడప దాటుతూనే "పొద్దున పోపు మాడిందా మే?" అంటుంది. పాలగిన్నె మూత తీసి "ఇవి రేపటికి విరుగుతాయి" అంటుంది. పక్క ఫ్లాటులో చేపలు వేయిస్తుంటే ఏ చేపో కూడా చెప్పేస్తుంది. వెళ్ళి ఎవరూ అడగరు కాబట్టి ఇంతవరకూ తప్పింది లేదు.

అటువంటి ముక్కు ఒకే ఒక్కచోట పప్పులో కాలేసింది. ఆ సంగతి శివకుమారి మూడు నెలలుగా ఊరగాయ జాడీకి గుడ్డ కట్టినట్టు కట్టి దాచుకుంది.

సెంటు సీసా ఆమెకిచ్చింది కింది అంతస్తు ఖమర్ సుల్తానా. నిజామాబాద్ మనిషి, దోహాకొచ్చి ఇరవై రెండేళ్ళు. వాళ్ళుండే ఉమ్ ఘువైలినా పేటలో ఆ భవనం కట్టకముందు అక్కడేముండేదో చెప్పగల ఒకే ఒక్క తెలుగు మనిషి. మార్చిలో అల్మారా సర్దుతూ పైకి కబురు పెట్టింది.

"తీస్కపో బేటీ. మా ఆయనకు డెబ్బై అయిదుల ఎవరో ఫ్రాన్సు దొర ఇచ్చిండు. ఒక్కసారి పూస్కున్న. ఊదు అత్తరు యాడ, ఇది యాడ! గడ్డి కోసి నీళ్ళల్ల పిండినట్లుంటది. మీరెట్ల ఆకులు తినేటోళ్ళే కదా, నీకైతే మంచిగుంటది."

అరచేతిలో ఇమిడే పలకల సీసా. బంగారు అక్షరాలు చెరిగిపోయి, పేరులో చివరి రెండే మిగిలాయి. లోపలి నీళ్ళు ఒకప్పుడు లేత ఆకుపచ్చ అయివుండాలి. ఇప్పుడు కాస్త టీ రంగు తిరిగాయి. మరతిప్పే మూత కాదు, గాజు బిరడా. నిలబెట్టినంతసేపూ బుద్ధిగా ఉంటుంది, పడుకోబెడితే ఏడుస్తుంది.

ఆ సాయంత్రం తిరుపాలు బిరడా తీసి, సీసా మూతి ముక్కు కిందకి తెచ్చుకుని, ఒక్క పీల్పు పీల్చి తీర్పిచ్చేశాడు.

"చెడిపోయింది. పారెయ్."

"ఒంటికి పూసుకుని చూడల్లండీ. సీసాలో కాదు."

"లీకు చూసేదానికి గ్యాసును ఒంటికి పూసుకుంటామా? సెంటంటే మనిషిని పేరుపెట్టి పిలవల్ల. ఇది దగ్గుతాంది."

దగ్గుతుందన్న మాట నిజమే. శివకుమారి అది ఒప్పుకుంది. మర్నాడు పదిన్నరకి పని తెమిలాక, స్నానం చేసి ఒళ్ళింకా చెమ్మగా ఉండగానే, బిరడా కొసను మణికట్టుకీ మోచేతి మడతకీ చెవి వెనకకీ తాకించింది. మొదట వచ్చింది గోళ్ళరంగు సీసా మూత తీసినప్పటి ఘాటు, అటక మీది ట్రంకుపెట్టె వాసన. అది సీసా వయసు. పెద్దవాళ్ళు మాట మొదలుపెట్టేముందు గొంతు సవరించుకుంటారే, అదన్నమాట. గౌరవంగా రెండు నిమిషాలు ఆగాలి. తిరుపాలు ముక్కు ఆ దగ్గు విని లేచిపోయింది. శివకుమారి కూర్చుంది.

కూర్చున్నందుకు దక్కింది. చిక్కుడుకాయ ఈనె లాగినప్పుడు వేళ్ళకి అంటుకునే పచ్చిదనం ముందొచ్చింది. దాని వెనకే చామంతి కాడను గోటితో తుంచినప్పటి చేదు. ఆ చేదు ముక్కు లోపల చల్లగా గీసుకుపోతుంటే ఆమెకు చెంపలు బిగిశాయి, నవ్వొచ్చింది. అర్ధగంటకి ఆకుల చాటు నుంచి ఏదో తెల్లపువ్వు. బి.ఎస్సీ బోటనీ ఫస్టు క్లాసులో ప్యాసైన మనిషికీ అది ఏ పువ్వో అంతుబట్టలేదు. పూర్తిగా విచ్చుకోదు, తడిగుడ్డలో చుట్టిన మొగ్గలా తన చల్లదనం తాను పట్టుకునుంటుంది. గరిటె తిప్పినప్పుడు మణికట్టు దగ్గర తలెత్తుతుంది, చెయ్యి దించితే దాక్కుంటుంది. మధ్యాహ్నానికి చెట్టు మొదట్లో నీడమట్టి, పాచి. సాయంత్రానికి పవిటచెంగులో ఎండుగడ్డి. ఆ గడ్డీ అడిగితేనే పలుకుతుంది.

ఎండలు ముదిరాక బయట నలభై అయిదు డిగ్రీలు. ఆ వీధిలో ఆకుపచ్చగా ఉన్నవి రెండే: మునిసిపాలిటీ చెత్తబండి, ఆమె మణికట్టు.

ఇంట్లో వంటగది కిటికీ నుంచి హాలు కిటికీకి పద్నాలుగు అడుగులు. హాలు కిటికీ నుంచి చూస్తే ఎదుటి భవనం ఏసీలు కనిపిస్తాయి, వంటగది కిటికీ నుంచి చూస్తే వెనక భవనం ఏసీలు. రెండేళ్ళుగా ఆమె ఆ పద్నాలుగు అడుగులూ రోజుకెన్నిసార్లు నడిచిందో లెక్కలేదు. నడిచి ఎక్కడికీ చేరేది కాదు. సీసా వచ్చాక కూడా నడక తగ్గలేదు, కానీ ఇప్పుడు నడుస్తుంటే ఎక్కడికో బయల్దేరినట్టుండేది.

ఏప్రిల్‌లో తిరుపాలు పడకగది ఏసీని తానే విప్పి, జాలీ సబ్బునీళ్ళతో కడిగి బిగించాడు. ఆ సాయంత్రమే శివకుమారికి చిలిపి బుద్ధి పుట్టింది. దిండు గలీబు లోపలి మూలన ఒక్కటంటే ఒక్క చుక్క తాకించింది. ఎంత గొప్ప ముక్కో చూద్దామని. చుక్క ఆరి, దగ్గు అణిగి, పచ్చిదనం తేరుకునేవేళకి ఆయన తల వాల్చాడు. నిండా ఊపిరి తీశాడు. మళ్ళీ తీశాడు.

"చూసినావా మే? ఫిల్టరు కడిగితే గాలి ఎట్ల మారిపోయిందో! వానపడినాక చేనుగట్టు మీద పండుకున్నట్లుండాది."

"మీ చేతి మహిమండీ" అంది శివకుమారి, అటు తిరిగి.

అప్పుడే చెప్పేసి ఉంటే అక్కడితో పోయేది. కానీ ఆయన మొహంలో వెలుగు చూస్తే చెప్పబుద్ధి కాలేదు. చెప్పకపోవడంలో ఉన్న సుఖం మరీ బాగుంది. రెండ్రోజులకో చుక్క. వాసన కాస్త తగ్గితే తిరుపాలు జాలీ మళ్ళీ కడిగేవాడు, ఆమె మళ్ళీ చుక్క తాకించేది. మెల్లగా ఆయన పేరు పైకొచ్చింది. పక్క ఫ్లాటు ఏసీ కడిగాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఊరివాళ్ళుండే లేబర్ క్యాంపుకి పోయి వాళ్ళ గది ఏసీ కడిగాడు. ఖమర్ సుల్తానాది కూడా.

"మరి మాదాంట్ల గా వాసన వస్తలేదు కదా బేటా?" అందామె.

"మీది పాత మోడలు ఆపా" అన్నాడు తిరుపాలు.

ఖమర్ సుల్తానా శివకుమారి వైపు చూసింది. శివకుమారి గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. ఆ రోజు నుంచీ ఈ గుట్టులో ఇద్దరు భాగస్థులు.

జులైలో ఒక శుక్రవారం, పదిన్నరకి, శివకుమారి బట్టల అల్మారాలో చీరల వెనక చెయ్యి పెట్టింది. చేతికి చెక్క తగిలింది.

ఒక్కో చీరా తీసి మంచం మీద వేసింది. తర్వాత తిరుపాలు చొక్కాలు. తర్వాత పాస్‌పోర్టుల సంచి, సీసా అందులో పట్టదని తెలిసి కూడా. హాల్లో తిరుపాలు కాళ్ళు బార్లా చాపుకుని పేపరు చదువుతున్నాడు.

"ఏమండీ, నా సీసా యాడ?"

"ఏ సీసా?"

"గాజు బిరడాది."

"ఓ, అదా? ఓబులయ్యోళ్ళతో ఊరికి పంపించినాలే."

ఓబులయ్య వాళ్ళ పక్క ఊరివాడు, క్యాంపులో ఉంటాడు. తన గదిలోని ఆంజి, ఇమామ్‌లతో కలిసి ఆ సాయంత్రమే బొంబాయి విమానమెక్కుతున్నాడు. ఎవరు ఊరికి వెళ్తున్నా మిగతావాళ్ళ సామాను కాస్త మోసుకుపోవడం ఇక్కడి రివాజు. బుధవారం తిరుపాలు ఓ గోనెసంచి నింపుకుని క్యాంపులో ఇచ్చొచ్చాడు. శివకుమారి ఆ సంచిలోకి తొంగి చూడలేదు. చూసి ఉండాల్సింది.

"దాన్ని ఎందుకు పంపినారు?"

"లిస్టులో ఆడోళ్ళు ఎనిమిదిమంది. నేను తెచ్చిన సెంట్లు ఏడు. జమ్మలమడుగు మేనత్తకు తక్కువొచ్చింది."

"ఆమె పొద్దస్తమానం నస్యం పీలుస్తాది కదండీ! ఆమెకు సెంటెందుకు?"

"అందుకే కదా ఆమెకు పంపింది! చెడిపోయిన సంగతి ఆమెకు తెలీదు. సీసా జూస్తే ఫారిన్‌ది అని మురిసిపోతాది. పారేసేదాన్ని పనికొచ్చేట్టు చేసినా. దీంట్లో నా తప్పేముండాది?"

శివకుమారి వంటగది కిటికీ దాకా నడిచింది. తిరిగొచ్చింది.

"నిలబెట్టి ఇచ్చినారా, పండబెట్టి ఇచ్చినారా?"

"తువాల్లో చుట్టి ఇచ్చినా. మూడు పెట్టెల్లో తలా కొంచెం సర్దుకున్యారు. దేంట్లో పెట్టినారో నేను చూళ్ళేదు."

పండబెట్టే ఉంటారు. బుధవారం సాయంత్రం నుంచి ఒక చుక్క, ఒక చుక్క, ఎవరి లుంగీలోకో, ఎవరి బిస్కట్ల ప్యాకెట్టు మీదికో. ఆమె చెవుల్లో ఆ చుక్కలు పడుతున్నాయి. సీసాలో మిగిలిందే బొటనవేలంత. సూక్ బజారులో ఇదివరకే సీసా పట్టుకుపోయి నాలుగు కొట్లలో అడిగింది. నాలుగో కొట్టు ఇరానీ ముసలాయన వాసన చూసి, కళ్ళు మూసుకుని, ఇంకోసారి చూసి "మాఫీ" అన్నాడు. లేదు, ఇక రాదు అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆ సీసా జమ్మలమడుగులో నస్యం డబ్బా పక్కకి చేరిందంటే, ఆమెకు మిగిలేది ఆ పద్నాలుగు అడుగులే.

క్యాంపు ఫోనుకి మూడుసార్లు కొట్టింది. మూడోసారి ఎవరో ఎత్తి, "ఓబులయ్యా? మాఫీ, మాఫీ" అని పెట్టేశారు. నిలబడలేక కిందికి దిగింది. ఖమర్ సుల్తానా ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏం పరేషాన్ అయితున్నవ్? కూసో జర."

"కూర్చోలేను ఆపా. సీసా పెట్టెల్లోకి పోయింది. ఏ పెట్టో తెలీదంట. రెండింటికి బండెక్కిస్తారంట."

ఖమర్ సుల్తానా కత్తి ఆపింది. "మూడు పెట్టెలు ఇప్పుమంటే ఇప్పుతరా? కాంటా పెట్టి, టేపేసి, తాడు కట్టినంక? మా ఆయన ఒకపారి కట్టిన పెట్టెను నన్ను ముట్టనియ్యలే, దాంట్ల నా చెప్పులున్నయ్ అంటే కూడ." మళ్ళీ తరగబోయి తలెత్తింది. "అయినా నీకేం తక్కువ? ముక్కు నీ ఇంట్లనే ఉంది కదా."

శివకుమారి మెట్ల వైపు తిరిగింది.

"ముక్కును తీసుకపోతే గుట్టు పోతాది ఆపా."

"మరి సీసా పోతది. చూస్కో."

మెట్లెక్కుతూ శివకుమారి తూకం వేసుకుంది. అటు సీసా. ఇటు మూడు నెలలుగా దిండు పక్కన నవ్వు దాచుకుని పడుకునే సుఖం. రెండూ ఒకే చుక్కలోంచి వచ్చినవే. మూడో మెట్ల వరసకి తేల్చుకుంది.

"చెప్పులేసుకోండి. క్యాంపుకి పోదాం."

"ఆడోళ్ళు యాడొస్తారు మే క్యాంపుకి?"

"నేను గేటు బయట ఉంటా. మీరు లెయ్యండి."

శుక్రవారం ప్రార్థనలవేళ. దుకాణాల షట్టర్లు దించేసి ఉన్నాయి, మసీదుల చుట్టూ కార్లు. తిరుపాలు పాత కారు ఏసీ వేడిగాలిని కాస్త తక్కువ వేడిగాలిగా మార్చి ఊదుతోంది. దారంతా ఆయన గొణుగుడు. "చెడిపోయిన సీసా కోసరం... సెలవుపూట పనీపాటా లేనట్లు... కొత్తది తెస్తా అంటినే." శివకుమారి కిటికీ అద్దం దించింది. దుమ్ము కొట్టింది, ఎత్తింది. మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది. మొన్నటిది ఏమీ మిగల్లేదు, గిన్నెల సబ్బు తప్ప.

క్యాంపు గేటు పక్కన రేకుల నీడ చివర మూడు అట్టపెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి. పసుప్పచ్చ తాళ్ళు, గోధుమరంగు టేపు, లావు మార్కరుతో పేర్లు. నీడ అప్పటికే పక్కకి జరిగి, ఎండ పెట్టెల సగానికి పాకింది. ఓబులయ్య కొత్త ప్యాంటు వేసుకుని వాటికి కాపలాగా కూర్చున్నాడు. శివకుమారి కారు దిగడం చూసి లేచి నిలబడ్డాడు.

"ఏం వదినా, ఇంత ఎండలో వచ్చినారు? ఇంకా ఏమన్నా పంపల్లనా? చోటు లేదు వదినా, నా చెప్పులే చేతికి తగిలించుకుని పోతాండా."

"పంపేది కాదు ఓబులయ్యా. పంపింది వెనక్కి కావల్ల."

సంగతి విని ఓబులయ్య తల గోక్కున్నాడు. తువాలు చుట్టిన సీసాలు చాలా ఉన్నాయి. ఏది ఎందులో వేశారో ముగ్గురికీ గుర్తు లేదు. పక్కనే సంచీ జిప్పుతో కుస్తీ పడుతున్న ఆంజి, గోదావరి మనిషి, ఆ మాట వింటూనే తన పెట్టె మీద కూర్చున్నాడు.

"మాదొద్దండి బాబూ! నిన్న ఈ తాడు బిగించేసరికి నా నడుం పోయిందండి. ఇప్పితే మళ్ళీ కట్టడం నా వల్ల కాదండి."

"మూడూ ఇప్పేదానికి లేదన్నా" అన్నాడు ఓబులయ్య తిరుపాలుతో. "రెండింటికి పికప్పొస్తాది. ఒక్క పెట్టె అయితే ఇప్పుతా. ఒకే ఒక్కటి. ఏదో మీరే చెప్పండి."

తిరుపాలు చేతులెత్తేశాడు. "ఏదని చెప్పేది? చూసినావా మే, దేవుడే వద్దంటాండాడు. పద పోదాం."

శివకుమారి పెట్టెల వైపు చూసింది. ఎండ పడి అట్టలు కాలుతున్నాయి. కాలితే మంచిదే, లోపలున్నది పైకి లేస్తుంది. కొంగు తల మీదికి లాక్కుని నెమ్మదిగా అంది:

"మన పడకగది ఏసీ వాసన వీటిలో దేంట్లోంచి వస్తాందో చూడండి."

"ఏంది?"

"ఏసీ వాసన. మీరు ఫిల్టరు కడిగితే వస్తాదే, అది."

"పెట్టెలో ఏసీ వాసన ఏందమ్మే? ఎండదెబ్బ తగిలిందా నీకు?"

"లీకు పట్టేవాడివి కదన్నా నువ్వు" అన్నాడు ఓబులయ్య, ఏమీ అర్థం కాకపోయినా ఉత్సాహంగా. "పట్టి చూపించు, మేమూ చూస్తాం."

ముక్కు పేరెత్తితే తిరుపాలు ఆగలేడు. చొక్కా చేతులు మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఫ్యాక్టరీలో పైపు కీలు చూసినట్టే చూడటం మొదలుపెట్టాడు. ముందు దూరం నుంచి, అరచేత్తో గాలి తనవైపు తోసుకుంటూ. తర్వాత టేపు అంచు వెంబడి, కింది నుంచి పైకి. ఓబులయ్య పెట్టె: "సబ్బులు. టాంగు పొడి. ఇంగో... జండూబామ్." ఓబులయ్య నోరు తెరిచాడు. ఆంజిని లేపి, ఆంజి పెట్టె: "ఖర్జూరం. కొత్త రబ్బరు చెప్పులు. కల్తీ ఊదు." "కల్తీయాండీ?" అన్నాడు ఆంజి దిగులుగా.

మూడో పెట్టె మీద ఇమామ్ పేరుంది. తిరుపాలు ఎడమ అంచు చూశాడు. కింద చూశాడు. కుడివైపు మూలకి వచ్చి, టేపు మడత దగ్గర ఆగిపోయాడు.

ఊపిరి తీశాడు. వదల్లేదు. కళ్ళు మూతలు పడ్డాయి. శివకుమారికి ఆ మొహం తెలుసు. దీపం తీసేముందు మూడు నెలలుగా చూస్తున్న మొహమే అది. పట్టపగలు, క్యాంపు గేటు ముందు, చెమటలు కారుతూ ఉన్నా అదే. ఇంకోసారి తీశాడు. ఈసారి కళ్ళు తెరుచుకున్నాయి. పెట్టెను చూశాడు. ఆమెను చూశాడు. మళ్ళీ పెట్టెను చూశాడు.

"ఇది..." అన్నాడు.

"ఏందన్నా, నా పెట్టెకు మొక్కుతున్నవా?" వెనక నుంచి ఇమామ్ గొంతు. నమాజు నుంచి వస్తున్నాడు, తెల్ల టోపీ ఇంకా తల మీదే ఉంది. సంగతి విని మొహం ముడిచాడు. "అందరి పెట్టెలల్ల నా పెట్టెనే దొరికిందా? మా నస్రీన్ కోసరం గాజులున్నయ్, పైలంగ సర్దిన."

"ఒక్క మూల చాలు తమ్ముడూ" అంది శివకుమారి. "గాజులు నేను ముట్టను. అదిగో, ఆ కుడి మూల."

ఇమామ్ ఆమె మొహం చూశాడు. ఏం కనిపించిందో, మారు మాట్లాడకుండా తాడు విప్పాడు. టేపు కోసి మూల ఎత్తగానే వేడి పెట్టెలోంచి ఒక్కసారిగా లేచింది: చిక్కుడు ఈనె, చామంతి కాడ, పేరు తెలియని ఆ తెల్లమొగ్గ. మనిషికి చుక్క చొప్పున కాదు, పెరడంతా. ఓబులయ్య వెనక్కి తగ్గి మళ్ళీ ముందుకొచ్చాడు. ఆంజి "అబ్బ, మా లంకలో పొద్దున్నే ఇలాగే ఉంటదండి" అన్నాడు. గోడ అవతల జనరేటరు మోగుతోంది, డీజిలు కంపు కొడుతోంది. ఆ నాలుగు అడుగుల మేర మాత్రం ఎవరో అప్పుడే నీళ్ళు పెట్టిపోయినట్టుంది.

శివకుమారి మోచేతి దాకా చెయ్యి దూర్చి తువాలు పట్టుకుంది. తడిగా ఉంది. లోపల సీసా అడ్డంగా పడుంది. నిలబెట్టి ఎండకెత్తి చూసింది. బొటనవేలంత ఉన్నది చిటికెనగోరంత అయింది.

"ఈ చీరెకు కూడ అంటింది వదినా" అన్నాడు ఇమామ్, ప్లాస్టిక్ సంచిలోంచి నస్రీన్ చీర అంచు తీసి వాసన చూస్తూ. అతని ముడి విడిపోయింది. "మంచిగనే ఉంది తియ్. దుబాయ్ వాసనంటే ఇదే అనుకుంటరు మా ఊర్లె."

ఓబులయ్య మాత్రం తిరుపాలునే చూస్తున్నాడు. "అన్నా, ఇంతకీ దీనికీ ఏసీకీ ఏం సంబంధం? మా గది ఏసీ కడిగితివే, మాకు రాలేదే ఈ వాసన? మాది వైరింగు బాగలేదంటివి కదా?"

తిరుపాలు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. దులుపుకోవడానికి చాలాసేపు పట్టింది.

"మే," అన్నాడు చివరికి, పక్కకి తిరిగి. "మన ఏసీలోకి ఇది ఎట్లొచ్చింది?"

"ఏసీలోకి రాలేదండీ. మీ దిండుకొచ్చింది. దిండులో నుంచి మీ ముక్కుకొచ్చింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏప్రిల్ నుంచి."

ఆంజి ముందుగా నవ్వాడు. ఓబులయ్య నవ్వాపుకోబోయి దగ్గాడు. ఇమామ్ పెట్టె మీదికి వంగి, కట్టిన తాడే మళ్ళీ మళ్ళీ కట్టాడు. తిరుపాలు ఎవరినీ చూడకుండా వెళ్ళి కారు స్టార్టు చేశాడు.

తిరుగుదారి పట్టారు. సీసా శివకుమారి పిడికిట్లో నిలువుగా ఉంది, తువాలు ఒళ్ళో. అద్దాలు మూసుకున్న కారులో ఆ వాసన తిరగడం మొదలుపెట్టింది. సీటు రెక్జిన్ మీద, స్టీరింగు మీద, ఆయన చెమటపట్టిన చొక్కా మీద. దగ్గు ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడన్నీ మంచి మాటలే. ఆమె తువాలు అంచు మణికట్టుకి రుద్దుకుని కిటికీ వైపు తిరిగింది. బయట ఇసుక, గోదాములు, మళ్ళీ ఇసుక. సీసాలో మిగిలింది ఎన్ని రోజులకొస్తుందా అని లెక్కవేయబోయి, మానేసింది. తువాలుని మడత పెట్టి మూతగట్టి డబ్బాలో దాచాలి. రోజూ ఒక మూల విప్పాలి. నాలుగు మూలలున్నాయి.

మొదటి రౌండబౌటు దాటింది. తిరుపాలు వేళ్ళు మడుస్తున్నాడు. ఎన్ని ఏసీలు కడిగాడో లెక్కపెట్టుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. రెండో రౌండబౌటు దగ్గర ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి పోయాడు.

"వాళ్ళందరికీ ఏమని చెప్పల్ల మే నేను?"

"అందరివీ పాత మోడళ్ళని చెప్పండి."

ఆయన నవ్వలేదు. మూడో రౌండబౌటు ముందు కారు మెల్లగా చేసి, చెయ్యి చాపాడు. ఇమ్మన్నట్టు. ఆమె అనుమానంగా తువాలు కొస ఇచ్చింది. ఆయన అది ముక్కు దగ్గర పెట్టుకుని నిండా పీల్చి, వెనక ఎవరో హారన్ కొట్టేదాకా అలాగే ఉండిపోయాడు.

"అది చెడిపోలేదు మే," అన్నాడు, ముందరి రోడ్డుకి చెబుతున్నట్టు, కానీ గట్టిగానే. "నా ముక్కు తొందరపడింది. తప్పు నాదే."